నిత్యమైన పని, అనిత్యమైన పనివాడు

తెల్లవారకమునుపు మన పట్టణములలో మొట్టమొదట వినవచ్చునది కోడికూత కాదు, గుడిగంటయు కాదు, చీపురు చప్పుడు. పాలవాడును, పత్రికలు పంచు పిల్లవాడును వీథిలోనికి రాకపూర్వమే చీపురు, పార, తట్ట చేతబట్టుకొని యొక స్త్రీయో, యొక పురుషుడో మన వాకిలి దాటిపోయియుందురు. మరి కొంతసేపటికి చెత్తబండి యీల వినవచ్చును. మనము నిన్నటి దినమున తిని విడిచినది, వాడి పారవేసినది, విరిగి పనికిరానిది, పరులకంట బడరాదని కాగితములో చుట్టినది, అంతయు నొక బకెట్టులో నింపి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని వారి చేతికిచ్చి తలుపు వేసికొందుము. ఆ తలుపు మూసిన క్షణముతో చెత్తతోడి మన సంబంధము తీరినది. వారి సంబంధ మప్పుడే మొదలగుచున్నది.

ఈ వ్యాసమున మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న యొక్కటే. ఈ పని యేనాటికైన నాగునా? ఆగదు. జనులు వండుకొని తినుచున్నంత కాలము చెత్త యుండును. పట్టణమున్నంత కాలము దానిని తీయువాడుండవలయును. రాజ్యములు మారవచ్చును, మంత్రులు మారవచ్చును, రాజధానులు మారవచ్చును. చెత్తబండి మాత్రము మరునాడు ప్రొద్దుననే రావలయును. ఇంతకంటె శాశ్వతమైన ప్రభుత్వకార్యము మరియొకటి లేదు. అట్లయ్యు నీ శాశ్వతకార్యమును నిర్వహించువాడు తాత్కాలికుడేల కావలయును? సంవత్సరముల తరబడి అదే వీథిని, అదే చీపురుతో నూడ్చుచున్న మనిషిని “నీవు మావాడవు కావు, ఏజెన్సీవాడవు” అనుట యే ధర్మము?

పని యెంతటిదో మొదట చూతము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కప్రకారము 2020-21 లో మన దేశపు పట్టణములలో దినమునకు సుమారు 1,60,000 టన్నుల ఘనవ్యర్థములు పుట్టినవి. అందు 1,52,000 టన్నులకు పైబడి సేకరింపబడినది. శుద్ధిచేయబడినది మాత్రము దానిలో సగమునకు కొంచెము మించినదే. ఈ లెక్కలో నొక విశేషము గలదు. మనుష్యుని చేతిలోనున్న భాగము, అనగా సేకరణము, దాదాపుగ పూర్తియగుచున్నది. యంత్రములును, ధనమును, పథకములును జూచుకొనవలసిన భాగము సగముకడనే నిలిచిపోయినది. పాకీవాడు తన పాలు నెరవేర్చినాడు, నెరవేర్పనిది మనము. హైదరాబాదునకు జవాహర్‌నగరు, విశాఖపట్టణమునకు కాపులుప్పాడ కుప్పలు సాక్షులుగా నిలిచినవి.

ఆ సేకరణము ఎట్లు జరుగునో యెరిగినవారు తక్కువ. చీకటితోనే హాజరు పట్టీకడ నిలుచుండవలయును. జవాను పేరు పిలిచినప్పుడు పలుకనియెడల ఆ దినపు కూలి పోయినట్లే. పిమ్మట వీథులూడ్చుట, కాలువలలోని పూడిక తీయుట, ఇంటింట చెత్త గైకొనుట, బండిమీదనే చేతులతో తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయుట. ఆ చెత్తలో పగిలిన గాజుపెంకులుండును, సూదిమందు వేసికొని పారవైచిన సూదులుండును, క్షౌరపు బ్లేడులుండును, బిడ్డల గుడ్డలును, రోగి కట్లును నుండును. ధనుర్వాతము, కామెర్లు, ఎలుకలవలన వచ్చు జ్వరము, చర్మవ్యాధులు, దుమ్మువలన శ్వాసకోశ రోగములు ఈ వృత్తికి సహజ సహచరములు. తల్లిదండ్రుల ఆస్తి బిడ్డలకు సంక్రమించినట్లు ఈ రోగములు పనితోగూడ సంక్రమించుచున్నవి.

మా వీథిలో బండి త్రోయు నొక నడివయస్సు స్త్రీని ఒకనాడు, “అమ్మా, చేతికి తొడుగు లీయలేదా?” అని యడిగితిమి. “ఇచ్చారండీ. వారానికే చిరిగిపోయాయి. మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు” అనెను. వ్రేలికి కట్టుగట్టియున్నది. “రెండు దినములు విశ్రాంతి తీసికొనరాదా?” అంటిమి. ఆమె నవ్వి, “సెలవు పెడితే జీతమెవరిస్తారు బాబుగారూ? నాలుగు రోజులు రాకపోతే నా బండి ఇంకొకరికిచ్చేస్తారు” అని బండి కదల్చుకొని పోయినది. ఆ నవ్వు మమ్ములను చాలకాలము విడువలేదు. చేతికి తగిలిన గాయముకంటె చేతిలోని బండి పోవునను భయ మెక్కువ బాధించు స్థితిలో మన నగరము తన సేవకుల నుంచినది.

పురపాలక సంఘము లెందుకు పుట్టినవి? కార్యాలయ భవనములు కట్టుటకా? విగ్రహములు నిలుపుటకా? కలరా, మహామారి మొదలగు వ్యాధులు ప్రబలి జనులు పిట్టలవలె రాలుచుండగా, పట్టణములను శుభ్రముగా నుంచవలయునను నావశ్యకతయే వాని పుట్టుకకు ప్రధానహేతువులలో నొకటి. 1994 లో సూరతు నగరమున ప్లేగు భయము కలిగినప్పుడు లక్షలాది జనులు ఇల్లువాకిళ్లు విడిచి రైళ్లమీద పారిపోయిరి. వజ్రములు సానబట్టు నగరము, పట్టు నేయు నగరము. చెత్త తీయక నిర్లక్ష్యము చేసినందున కొద్ది దినములలో నిర్మానుష్యప్రాయ మయ్యెను. ఎన్ని కోట్ల వ్యాపారమున్నను, అది చీపురుమీద నాధారపడి నిలిచియున్నదని ఆనాడు దేశమునకు తెలిసినది. తెలిసినది, పిదప మరుపునకు వచ్చినది.

మన రాజ్యాంగమే ఈ సత్యమును వ్రాసికొన్నది. 1992 నాటి డెబ్బదినాలుగవ సవరణచే చేర్పబడిన పండ్రెండవ షెడ్యూలులో పట్టణ స్థానిక ప్రభుత్వముల విధు లెన్నబడినవి. అందు ఆరవది ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఘనవ్యర్థముల నిర్వహణము. రోడ్లవలె, నీటి సరఫరావలె నిది యొక ప్రధానధర్మము. నీళ్లు లేని పట్టణము కొన్ని దినములు బండ్లమీద నీరు తెప్పించుకొని బ్రతుకును; చెత్త తీయని పట్టణము పదిదినములలో నరకమగును. అట్టి ప్రధానధర్మమును, ఏ పెండ్లికో పందిరి వేయించినట్లు, కాలపరిమితి టెండరుమీద పైవారి కప్పగించుట మనకు రివాజైనది. పొరుగుసేవలని దానికి పేరు! సొంత యింటిని శుభ్రపరచుకొనుట పొరుగుసేవ యెట్లగును?

పూర్వము పురపాలక సంఘముల కింద పాకీ కార్మికులు ప్రభుత్వోద్యోగులుగ నుండిరి. వారి బ్రతుకు స్వర్గము కాదు. తలపై మలము మోసిన దినము లవి. అయినను వృద్ధాప్యమున పింఛను, చనిపోయినచో కుటుంబమునకు ఆసరా యుండెను. 1990 ల పిమ్మట ఖాళీయైన ఉద్యోగములను నింపక, ఆ పనిని కంట్రాక్టర్ల కప్పగించు పద్ధతి వ్యాపించెను. తలమీద బుట్ట పోయినది, అది పోవలసినదే. కాని దానితోపాటు కాలికింద నేలకూడ పోయినది.

2020 జూలైలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దళారులను తొలగించుటకై ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, పొరుగుసేవల ఉద్యోగుల నియామకమును, జీతముల చెల్లింపును దానిద్వారా జరుప బూనుకొన్నది. జీతములో కంట్రాక్టరు కోతను మాన్పుటకు నది యొక మేలిమి యడుగే. కాని దళారి మారినంత మాత్రమున తాత్కాలికత్వము పోలేదు. 2022 జూలైలో, తమకు వచ్చుచున్న ఆరోగ్యభృతి రూ. 6,000 పోవునను భయముతో కార్మికులు సమ్మెకు దిగవలసివచ్చెను. ప్రభుత్వము జీతము రూ. 15,000, భృతి రూ. 6,000, వెరసి రూ. 21,000 ఇచ్చుట కంగీకరించిన పిదప సమ్మె యాగెను. తిరిగి 2023 డిసెంబరు 26 న ఆరంభమైన సమ్మె 2024 జనవరి రెండవ వారము వరకు సాగెను. సమాన పనికి సమాన వేతనము, ఉద్యోగ స్థిరత్వము వారి ముఖ్యమైన కోరికలు. వేతనములో నాలుగవవంతుకు పైబడినది భృతి రూపమున నున్నయెడల, అది యెప్పుడు నిలిచిపోవునో తెలియక ఏటేట వీథిలోనికి వచ్చుట తప్పదు. ఆరోగ్యమునకు హాని కలిగించు పని ప్రతిదినము నుండగా, ఆ హానికి పరిహారము మాత్రము దయాధర్మముగ నుండుట విపరీతము.

చట్టము లేమి చెప్పుచున్నవి? 2025 నవంబరు 21 న నాలుగు నూతన కార్మికస్మృతులు అమలులోనికి వచ్చినవి. అందు వృత్తిభద్రతకు సంబంధించిన స్మృతి, ఒక సంస్థయొక్క ముఖ్యకార్యములలో కంట్రాక్టు కూలీని నిషేధించినది. ఏవి ముఖ్యకార్యములు కావో యెన్నుచు, ఊడ్చుట, తుడుచుట, అన్నివిధముల చెత్తను సేకరించి తొలగించుట మొదలగు పారిశుద్ధ్య పనులను మొదటనే పేర్కొన్నది. అయితే దానికొక షరతు గలదు: ఆ సంస్థ ఆ పనికొరకే యేర్పడినది కానియెడల మాత్రమే యీ మినహాయింపు. ఈ షరతును మన న్యాయవాదులును, ప్రజాప్రతినిధులును శ్రద్ధగా చదువవలయును. బ్యాంకు ఊడ్చుటకొరకు పుట్టలేదు. బట్టలమిల్లు ఊడ్చుటకొరకు పుట్టలేదు. పురపాలక సంఘమో? అది పట్టణమును శుభ్రపరచుటకొరకే పుట్టినది! పారిశుద్ధ్యము ముఖ్యకార్యము కాదని పురపాలక సంఘము పలుకుట, వైద్యము మా ముఖ్యకార్యము కాదని వైద్యశాల పలుకుటవంటిది. ఆ స్మృతిలోనే మరియొక సందు గలదు: సాధారణముగ కంట్రాక్టరుద్వారా జరుగుచున్న పనియైనచో నిషేధము వర్తింపదట. అనగా చిరకాలము జరిగిన యన్యాయము చిరకాలము జరిగినదను కారణముననే న్యాయమగునన్నమాట. ఈ సందును మూయు బాధ్యత శాసనసభలది.

2016 అక్టోబరు 26 న సర్వోన్నత న్యాయస్థానము, పంజాబునకు సంబంధించిన వ్యాజ్యములో, శాశ్వతోద్యోగులతో సమానమైన పని చేయు తాత్కాలికోద్యోగులకు ఆ ఉద్యోగపు వేతనశ్రేణిలోని కనిష్ఠ వేతనము నీయవలయునని తీర్పు చెప్పినది. సమాన పనికి అసమాన వేతన మిచ్చుట మానవగౌరవమునకు భంగకరమని న్యాయస్థానము తలచినది. కాని ప్రభుత్వమునకును పనివానికిని నడుమ మరియొకని తెర వ్రేలాడుచున్నంతకాలము ఈ తీర్పు ఫలము చెత్తబండివాని చేతి కందుట దుర్లభము. తెర యందులకే కట్టబడినది.

ఇక ఈ విషయమున మనము బయటికి చెప్పుకొన సిగ్గుపడు మాట యొకటి కలదు, అది కులము. మురుగుకాలువలను, మరుగుగుంతలను శుభ్రపరచువారిని గూర్చి కేంద్రప్రభుత్వము సేకరించి 2024 లో వెలువరించిన వివరములలో, లెక్కింపబడిన దాదాపు 38,000 మందిలో నూటికి 92 మంది వరకు షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల వారు. నూటికి 69 మంది వరకు షెడ్యూల్డు కులములవారే. డెబ్బదియైదేండ్ల పైబడిన గణతంత్రమున నిది యెట్లు సంభవించెను? రాజ్యాంగపు పదునేడవ యధికరణము అంటరానితనమును రద్దుచేసినది. కాని చీపురును ఆ యధికరణము తాకలేదు. చూడుడు విచిత్రము: ఈ పనిలో పుట్టుకమాత్రము శాశ్వతము, కొలువు తాత్కాలికము! తండ్రి పని కొడుకునకు వచ్చును. తండ్రి పింఛను మాత్రము రాదు. వారసత్వములోని భారమంతయు నుంచి, వారసత్వములోని భద్రతను మాత్రము తీసివేసినాము. వర్ణవ్యవస్థకు అధునాతన వాణిజ్యము తోడైనప్పుడు పుట్టిన బిడ్డ ఇది.

ఈ భారమును మన తెలుగువారు దేశదేశములకు మోసికొనిపోయిరి. వెనుకటి కాలమున రంగూను వీథులను ఊడ్చినవారిలో ఆంధ్రు లనేకులు. నేటికిని బెంగుళూరులో వీథులూడ్చు స్త్రీలను పలుకరించినచో పెక్కుమంది తెలుగున బదులు చెప్పుదురు. చెన్నపట్టణమున ఆదియాంధ్ర కుటుంబములు తరతరములుగా ఈ పనిలో నున్నవి. 2025 ఆగస్టులో ఆ నగరపు పారిశుద్ధ్య కార్మికులు, రెండు మండలముల పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించుటను నిరసించుచు రిప్పన్ భవనము నెదుట పదుమూడు దినములు కూర్చుండిరి. అర్ధరాత్రమున పోలీసులు వారిని తొలగించిరి. అదే సంవత్సరము మే మొదటి దినమున కర్ణాటక ప్రభుత్వము బెంగుళూరులో పండ్రెండువేలకు పైబడిన పౌరకార్మికులకు శాశ్వత నియామకపత్రముల నిచ్చినది. రెండు పొరుగు నగరములు, ఒకే విధమైన పని, చాలవరకు నొకే జాతి జనులు. ఒకచోట నియామకపత్రము, మరియొకచోట పోలీసు వ్యాను. కనుక ఇది అసాధ్యమని యెవరును చెప్పజాలరు. బెంగుళూరు చేసినదానిని బెజవాడ చేయలేకపోవునా? హైదరాబాదు చేయలేకపోవునా?

2015 నవంబరు 26 న కోళిక్కోడు నగరమున ఆంధ్రదేశమునుండి కూలికి పోయిన యిద్దరు కార్మికులు మురుగుకాలువ కంతలో దిగి విషవాయువునకు సొమ్మసిల్లిరి. ఆ దారిని పోవుచున్న యొక ఆటో నడుపువాడు, వారి పేరైన నెరుగనివాడు, వారి భాష యెరుగనివాడు, రక్షింపగోరి దిగెను. ముగ్గురును మరల పైకి ప్రాణములతో రాలేదు. ఆ దినమే మన దేశము మొట్టమొదటిసారిగా రాజ్యాంగ దినోత్సవమును ప్రభుత్వపరముగా జరుపుకొన్నది. ఒకచోట పీఠిక పఠింపబడుచుండగా వేరొకచోట మనుష్యులు మురుగులో మునిగిపోవుచుండిరి. చేతులతో మలమెత్తు పనిని నిషేధించుచు 1993 లో నొక చట్టము, దానికంటె గట్టిదిగా 2013 లో మరియొకటి వచ్చియుండెను. 2014 మార్చి 27 న సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి మరణములకు పది లక్షల రూపాయల పరిహారమును విధించియుండెను. 2023 అక్టోబరు 20 న దానిని ముప్పది లక్షలకు పెంచినది. పరిహారము పెరుగుట మంచిదే. కాని చచ్చిన పిదప ముప్పదిలక్షల విలువ గలవానికి బ్రతికియుండగా ముప్పది దినముల జీతము సరిగా ముట్టకుండుటకంటె హాస్యాస్పద మేమున్నది?

2014 నాటి తీర్పు ఊరక రాలేదు. కోలారు బంగారు గనుల ప్రాంతమున పాకీపనివారి కుటుంబములో జన్మించి, ఇంటిపేరుననే బెజవాడను మోయుచున్న విల్సన్ గారును, ఆయన సహచరులును స్థాపించిన సఫాయి కర్మచారి ఆందోళన్ పదునొకండేండ్లు న్యాయస్థానములో పోరాడి దానిని సాధించినది. ఆంధ్రదేశమున పేదలకొరకు తన యధికారము నుపయోగించిన శంకరన్ గారివంటి ఐ.ఏ.ఎస్. అధికారి విశ్రాంతికాలమున ఆ యుద్యమమునకు వెన్నుదన్నుగ నిలిచెను. 2016 లో విల్సన్ గారికి మెగసేసే పురస్కారము లభించినది. పురస్కారము వ్యక్తికి వచ్చినది. విముక్తి జనులకు రావలసియున్నది.

గాంధీమహాత్ముడు 1901 కలకత్తా కాంగ్రెసు మహాసభలో, ప్రతినిధుల మరుగుదొడ్ల దుర్గంధమును చూచి, అది పాకీవాని పని యని స్వచ్ఛందసేవకులు తప్పుకొనగా, తానే చీపురు పట్టెను. ఆ చీపురు మన స్వరాజ్యపు జెండాకంటె తక్కువ పవిత్రము కాదు. కాని ఆ మహాత్ముడే 1946 లో పాకీవారి సమ్మెలను సమర్థింపలేదు. ఆ సేవ యొక్క దినమైనను ఆగరాదని వాదించెను. పాకీపని పవిత్రమనుచు పాకీవాని నాపనిలోనే యుంచు బోధను అంబేడ్కరు మహాశయుడు తీవ్రముగ ఖండించెను. ఈ వివాదమున మేము మహాత్ముని భక్తులమయ్యు అంబేడ్కరుగారి పక్షమున నిలుచుచున్నాము. ఏమనగా, ఒక సేవ ఒక్క దినమైనను ఆగరానిదైనచో, ఆ సేవ చేయువాని జీతము ఒక్క దినమైనను ఆగరాదు. అతని యుద్యోగము ఒక్క దినమైనను సందిగ్ధముగ నుండరాదు. అత్యవసరమను మాట పనికి వర్తించి పనివానికి వర్తింపకున్న, అది ధర్మము కాదు, వెట్టి.

అమెరికాదేశపు మెంఫిస్ నగరమున 1968 ఫిబ్రవరి 1 న, వానకు తడియకుండ చెత్తలారీలో తలదాచుకొన్న యిద్దరు నల్లజాతి కార్మికులను ఆ లారీ యంత్రమే నలిపివేసెను. తోడి కార్మికులు 1,300 మంది పని మానిరి. వారు మెడలో తగిలించుకొన్న పలకలపై జీతము మాట లేదు, సెలవు మాట లేదు. ‘నేను మనిషిని’ అని మాత్రము వ్రాసియుండెను. వారికి బాసటగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగు మహాశయుడు ఏప్రిల్ 4 న ఆ నగరముననే తుపాకిగుండునకు బలియయ్యెను. ఏప్రిల్ 16 న నగరము వారి సంఘమును గుర్తించి జీతములు పెంచుట కొప్పుకొన్నది. ఆ పలకలోని వాక్యమునకు తెలుగుదేశమున ఇంకను అర్థము తీరలేదు.

మనము గౌరవించుట లేదని కాదు. గౌరవించుటలో మనకు సాటిలేదు! 2019 లో ప్రయాగ కుంభమేళాలో ప్రధానమంత్రిగారు పారిశుద్ధ్య కార్మికుల పాదములు కడిగిరి. 2020 లో మహమ్మారి వచ్చినప్పుడు పలు పట్టణములలో జనులు వారి మెడలలో పూలదండలు వేసిరి. ‘అడుసు త్రొక్కనేల, కాలు గడుగనేల’ యను మన సామెత ఇచ్చట తలక్రిందయినది. అడుసు త్రొక్కుట వారి కేటేట తప్పదు. కాలు గడుగుట మనము ఎప్పుడో యొకనాడు చేసి పుణ్యము గట్టుకొందుము. పూలదండ సాయంకాలమునకు వాడిపోవును, భవిష్యనిధి వాడిపోదు. వారి కాళ్లు కడుగ నక్కరలేదు. ఆ కాళ్లకు మంచి బూటు లిచ్చిన చాలును.

దీనికి ప్రతివాదులు మూడు మాటలు చెప్పుదురు. మొదటిది, పురపాలక సంఘములకు డబ్బు లేదనుట. ఆ సంఘములే వీథిదీపముల అలంకారములకును, ఉత్సవములకును, ప్రకటనలకును ధనము వెదకుకొనుచున్నవి. పేదవాని జీతమునకు మాత్రమే ఖజానా ఖాళీయగుట మనము చిరకాలముగ నెరిగిన మాయ. రెండవది, శాశ్వతులైనచో పని చేయరనుట. ఈ యారోపణలో కొంత నిజము లేకపోలేదు. తన బదులు మరియొకని చౌకకూలికి పంపు శాశ్వత కార్మికుడు పూర్వము నుండెను. కాని సోమరియైన గుమాస్తాను చూచి గుమాస్తాల నందరిని తాత్కాలికులను జేయుట లేదు గదా! పర్యవేక్షణ లోపమునకు పర్యవేక్షణయే మందు. పైగా, లేని మనుష్యుల పేర్లు హాజరు పట్టీలో వ్రాసి జీతములు కాజేయుచున్నారను నపవాదు కంట్రాక్టు పద్ధతికే ఎక్కువగ నంటినది.

మూడవది యంత్రము. యంత్రము వచ్చును, పాకీవాడు పోవునని 1935 లోనే ముల్కరాజ్ ఆనందుగారు తన ఆంగ్లనవల చివర సూచించిరి. యంత్రములు రావలయును, మేము వానికి శత్రువులము కాము. 2017 లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందులలో తిరుగగల చిన్న మురుగుతీత యంత్రములను 70 వరకు ప్రవేశపెట్టి, మనుష్యుడు మురుగులో దిగు నవసరమును తగ్గించుటకు దారిచూపినది. అట్టివి ప్రతి పట్టణమునకు రావలయును. వాని యాజమాన్యము ఆ వృత్తిలో నలిగినవారికే దక్కవలయును. కాని ఇంటింటికి వచ్చి బకెట్టందుకొను చేతిని యంత్రము పూర్తిగా తొలగింపలేదు. తొలగించునంతవరకు ఆ చేయి మనిషి చేయి యని గుర్తించుట మన ధర్మము.

గృహస్థుల తప్పుకూడ చెప్పక విడువరాదు. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త అని మూడు విధములుగ ఇంటికడనే వేరుపరుపవలయునని యాదేశించినవి. ఎంతమంది యట్లు చేసినారము? పగిలిన గాజును కాగితమున జుట్టి యిచ్చుటకు ఒక నిమిషము పట్టును. చుట్టనందున తెగిన వ్రేలు మానుటకు పక్షము పట్టును. దేశభక్తి సభలలో చప్పట్లు కొట్టుటతో తీరునది కాదు. తన యింటి చెత్తను తానే వేరుపరచి, తెచ్చిన మనిషిని పేరుపెట్టి పిలిచి, “అమ్మా, జాగ్రత్త” యని యప్పగించుటలోకూడ దేశభక్తి గలదు. ఆ మనిషి త్రాగ నీళ్లడిగినయెడల ఇంట్లోని చెంబుతోనే యిచ్చుటలో రాజ్యాంగము గలదు.

కనుక ప్రభుత్వములను మేము కోరున దిది. పారిశుద్ధ్యము పురపాలక సంఘముల ముఖ్యకార్యమని ప్రకటించి, దళారుల తెర తొలగింపుడు. చిరకాలముగ పనిచేయుచున్నవారికి సంఘమే యజమానిగ నియామకపత్రము లిండు. ఆరోగ్యభృతిని జీతములో చేర్చి దానికి భవిష్యనిధి కట్టుడు. ఏటేట వైద్యపరీక్షయు, కామెర్లకు, ధనుర్వాతమునకు టీకాలును, గాయపడినప్పుడు జీతముతోడి సెలవును హక్కుగ నిండు. చేతితొడుగులు, బూట్లు చిరిగిన దినముననే మార్చుడు. ఆ బిడ్డల చదువునకు వసతి కల్పింపుడు. చీపురు వారసత్వము కాకుండ నాపగలిగినది బడి యొక్కటే. కాలువలో దిగుమని మనుష్యుని పంపినవానిపై చట్టప్రకారము నేరము మోపుడు. కూలివాని చావును ప్రమాదమని వ్రాసి కాగితములు కట్టివేయకుడు.

ఇవి దానములు కావు, బకాయిలు. రేపు తెల్లవారుజామున మరల చీపురు చప్పుడు వినవచ్చును. మనము నిద్రలో ప్రక్కకు ఒత్తిగిల్లుదుము. ఆ చప్పుడులో నొక ప్రశ్న గలదు: “మీ యింటి చెత్త ప్రతిదినము నాది, మరి ఈ నగరములో నాది యేది?” దీనికి తగిన జవాబు చెప్పలేనంతకాలము మన పట్టణములు ఎన్ని స్వచ్ఛతా పతకములను గోడలకు తగిలించుకొన్నను, వాని వాకిళ్లు ఊడ్చినట్లే కనబడునుగాని శుభ్రమైనట్లు కాదు.